వీధి ఖాళీ అయిన పూట

ఎమ్మిగనూరు,
19 నవంబరు 2024.

ప్రియమైన బామ్మర్ది, దైవసేవకులు పాస్టర్ కిరణ్ గారికి,

మన ప్రభువు నామంలో నీ బావ ఏసన్న చెప్పుకునే వందనాలు. వరసకైనా వయసుకైనా వందనం ముందు నువ్వే చెప్పాలి. కానీ నువ్వు సేవలో ఉన్నవాడివి, నేను సిమెంటులో ఉన్నవాణ్ణి, కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. మేమిక్కడ క్షేమం అని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆదోనిలో నువ్వు, నందిని, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ఉత్తరమేంది, ఫోను లేదా అని నవ్వుతావేమో. ఫోను చేస్తే నీ భార్య తీస్తోంది, అయ్యగారు ప్రార్థనలో ఉన్నారంటోంది. ఎప్పుడైనా నువ్వే తీస్తే, నా మాట సగంలో ఉండగానే ఆమెన్ అంటావు. ఉత్తరానికి మధ్యలో ఆమెన్ చెప్పడం కుదరదు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కౌంటరులోని పిల్ల ఎవరికి పెద్దాయనా, కోర్టుకా అని అడిగింది. చుట్టాలకు కవరు రాసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరట.

సంగతి మీ అక్కది. దేవక్క తిండి మానేసింది. మానేసిందంటే, నాకు వండి పెడుతుంది, తనూ కంచం ముందు కూర్చుంటుంది. ఒక ముద్ద కలిపి దాన్నే చూస్తూ ఉంటుంది. చక్కెర జబ్బు మాత్రలు ముట్టడం లేదు. మొన్న కాళ్ళు వాచాయి, నిన్న లేస్తూ గోడ పట్టుకుంది. మన ఆరెంపీ డాక్టరు మాదన్న వచ్చి చూసి, ఇట్లనే ఉంటే కర్నూలుకు ఎత్తుకుపోవాల్సి వస్తాదన్నా అన్నాడు. మాత్ర వేసుకోమంటే మీ అక్క చెప్పే మాట ఒకటే: తీర్పు సూసేసినా, ఇంక మందులెందుకప్పా అని.

ఇదెట్ల మొదలైందో వివరంగా రాస్తాను. నీకు ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు. కాలనీలో ఒక నోట బయలుదేరిన మాట ఆదోని చేరేసరికి దానికి కొమ్ములు మొలుస్తాయి.

పోయిన నెలలో ఆదోనిలో నువ్వు రాకడ కూడికలు పెట్టావు కదా. వెళ్ళొద్దని నేను అనలేదు. తమ్ముని మీటింగుకు అక్క పోకుండా ఎట్లుంటుంది. తిరిగొచ్చాక నాకు అన్నీ చెప్పింది. తెర మీద బొమ్మలు చూపించావట. ప్రభువు వచ్చే గడియలో విశ్వాసులు ఉన్నపళంగా పరలోకానికి ఎత్తబడతారని, పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉంటుందని, విమానంలో డ్రైవరు మాయమైపోతాడని. ఆదోనిలో విమానం ఎక్కిన మొనగాడు ఎవడయ్యా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత నుంచి ఇంటిముందు కూర్చుని వీధి వైపు చూడటం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళ తలుపు తాళం వేసుంటే, యాడికి పోయినారో అని కనుక్కుని వచ్చేది. అది పిచ్చి అనుకోలేదు నేను. మీ వంశంలో అందరికీ ఊరి సంగతులు కావాలి, అదీ అట్లాంటిదే అనుకున్నాను.

పోయిన వారం మన కాలనీ అంజనమ్మ అవ్వ చనిపోయింది. నీకు తెలుసు, నువ్వు నిక్కర్లు వేసుకునేటప్పుడు నీకు ఆదివారం బడిలో పాటలు నేర్పింది ఆమే. ఆదోనిలో కూతురింట్లో పోయింది. పొద్దున్నే కబురు వచ్చింది. మీ అక్క అప్పటికే కూలివాళ్ళతో ఆటోలో పత్తి విడిపించడానికి వెళ్ళిపోయింది. ఫోను పత్తిలో పడి పోతుందని ఇంట్లోనే పెట్టి పోతుంది కదా, చెప్పే దారి లేదు. వయసు పిల్లలు పోయి సమాధుల తోటలో గుంత తవ్వి వచ్చారు. తర్వాత ముసలీ ముతకా అందరం ట్రాక్టర్లెక్కి అవ్వను తీసుకురావడానికి ఆదోనికి బయలుదేరాము. చిన్నపిల్లలు బడికి పోయారు. వీధిలో పిల్లి కూడా లేదు.

చేలో మీ అక్కకు కళ్ళు తిరిగాయట. కూలివాళ్ళ మేస్త్రీకి చెప్పి మధ్యాహ్నం కాకముందే ఒక్కతే ఇంటికి వచ్చేసింది. వచ్చేసరికి ఆమెకు కనబడింది ఏమిటో ఒక్కసారి ఆలోచించు. తొందరలో పోయాం కాబట్టి తలుపులు చాలావరకు దగ్గరగా వేసి ఉన్నాయి, తాళాలు లేవు. ఒకరింట్లో టీవీ దానంతట అదే మాట్లాడుతోంది. కుళాయి నీళ్ళు వచ్చి బిందె నిండి వీధిలోకి పారుతున్నాయి. హులిగమ్మ వాళ్ళ అరుగు మీద సగం ఏరిన బియ్యం చేటలోనే ఉన్నాయి, కోళ్ళు తింటున్నాయి. మనిషన్నవాడు లేడు. నువ్వు తెర మీద చూపించిన బొమ్మే కదా అది. వేరే కులంవాళ్ళో, వేరే మతంవాళ్ళో అయితే, వీళ్ళంతా ఏ పెళ్ళికి పోయారో అనుకుని బిందె పక్కకు జరిపి ఉండేవాళ్ళు. మనవాళ్ళు కాబట్టి, అందులోనూ నీ అక్క కాబట్టి, అట్ల అనుకోలేకపోయింది.

పక్క వీధి గాజుల ఫాతిమా బీ ఆమెను చూసింది. చర్చి మెట్ల మీద ఎండలో కూర్చుని ఉందట. పలకరిస్తే మీ అక్క ఫాతిమా బీ చెయ్యి పట్టుకుని, వచ్చి పోయినాడమ్మా అన్నదట. ఎవరు వచ్చిందీ ఫాతిమా బీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, మాకూ ఖయామత్ అని తీర్పు దినం ఉండాది దేవక్కా, అది ఇంత సప్పుడు లేకుండా రాదులే అని చెప్పి చాయ్ తెచ్చి తాగించిందట. అందరూ అవ్వను తేవడానికి ఆదోనికి పోయారని కూడా చెప్పింది. చెప్పినా ఈమె ముఖంలో మార్పు లేదట.

సాయంత్రం మేము అవ్వ శవంతో దిగాము. మీ అక్క మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. అమ్మయ్య అనలేదు, నవ్వలేదు. మీరంతా ఈడనే ఉండారా అని మాత్రం అడిగింది. హులిగమ్మకు రోషం వచ్చి, ఏం వదినా, మేము పరలోకానికి పనికిరామా అంది. కాలనీలో ఈ మాట మీద రెండు మూడు రోజులు నవ్వుకున్నారు. నవ్వనీ, అందులో తప్పేం లేదు. కానీ సమాధుల తోటలో అవ్వ పెట్టెను గుంతలోకి దింపుతుంటే మీ అక్క ఎట్ల ఏడ్చిందో చెప్పలేను. అవ్వ సొంత కూతురు కూడా ఏడుపు ఆపి ఈమెనే చూసింది. మోసుకుని తెచ్చినట్టు తెచ్చాం ఇంటికి.

అప్పటినుంచి ఇదే. సూసేసినా అంటుంది. ఏం చూశావు అంటే చెప్పదు. నేను చేయనిది లేదు కిరణ్. రాకడ రాలేదు, అది అవ్వ చావు అని చెప్పాను. అవునప్పా, నాకు తెలీదా అంటుంది, అని మళ్ళీ గోడకు ఆనుకుంటుంది. ఇక్కడి పాస్టరు అయ్యను పిలిపించాను. ఆయన వాక్యం చదివి, ఆ దినం ఎవరికీ తెలియదమ్మా, దేవదూతలకు కూడా తెలియదు అన్నాడు. మీ అక్క కొంగు కప్పుకుని మర్యాదగా వింది. అయ్యా, నీకు తెలీదులే, నేను సూసినా అంది. ఆయన చాయ్ కూడా తాగకుండా పోయాడు. తుగ్గలి నుంచి మన సంతోషి వచ్చింది. తల్లిని నవ్వించబోయింది, అమ్మా నిన్ను వదిలేసి పోతే ఆడ దేవునికి రాగి సంగటి ఎవరు చేస్తారే అని. నవ్వించబోయిన పిల్ల చివరికి తనే ఏడ్చి, తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. మీ అక్క దాని తల నిమురుతోంది గానీ చూపు ఎక్కడో ఉంది.

గోడ పగిలితే ఎక్కడ పగిలిందో చేత్తో తడిమి చెప్పగలను. పునాది జారిందా, ఇటుక పచ్చిదా, నీళ్ళు సరిగా పట్టలేదా అని చూడగానే తెలుస్తుంది. ఇదెక్కడ పగిలిందో నాకు తెలియడం లేదు. మనిషి కళ్ళముందే కరిగిపోతోంది, చూస్తూ కూర్చోవడం తప్ప నా చేత ఏమీ కావడం లేదు.

సంతోషి ఒక ఆలోచన చెప్పింది. అమ్మ లెక్కలో అందరికంటే ముందు ఎత్తబడేది మామనే, కాబట్టి మామ వచ్చి ఎదురుగా నిలబడితే రాకడ రాలేదని నమ్ముతుంది నాయనా అంది. నాకూ అదే సరి అనిపించింది. మొన్న ఒకరోజు ఫోనులో నీ గొంతు వినిపించాం కదా. బాగుండు తమ్ముడా అని చెప్పి ఫోను నా చేతికి ఇచ్చేసింది. గొంతు చాలదు, మనిషి కావాలి.

నువ్వు ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. హొళగుందలో కన్నడ సభలు అని చెప్పావు, ఆ సభలు అబద్ధమని నేననను. కానీ పోయినేడు నుంచి నువ్వు మా గడప తొక్కలేదు, నేను నీ చర్చి గడప తొక్కలేదు. రెండు గడపలూ తొక్కింది మీ అక్క ఒక్కతే. మన మధ్య ఉన్నదాన్ని ముట్టుకోకుండా ఈ ఉత్తరం రాసేద్దామనుకున్నాను. కుదిరేట్టు లేదు.

మా కొడుకు సామేలు సంగతి. పోయినేడు ఎండాకాలం మాధవరం దగ్గర తుంగభద్రలో బాప్తిస్మాలు పెట్టావు. వాడు పేరు ఇచ్చాడు. మీ అక్క తెల్ల చొక్కా, తెల్ల పంచె కొని ఇస్త్రీ చేయించింది. అక్కడికి పోయి చూస్తే నది ఎండి రాళ్ళు తేలి ఉంది. మడుగులో మోకాటి లోతు పాచినీళ్ళు. ఇందులోనే ముంచు మామా, ఒంటికి పాచి అయితే కడుక్కుంటా అని వాడు నవ్వుతూ అన్నాడు, గుర్తుందా. పారే నీళ్ళు కావాలి, మనిషి నిండా మునగాలి, వానలు పడ్డాక పెట్టుకుందామని నువ్వు వాయిదా వేశావు. వానలు రాకముందే ఆదోని రోడ్డులో పత్తి లారీ వాడి మీదికి వచ్చింది. ఆ తెల్లబట్టలే వేసి పంపించాం వాణ్ణి.

నది ఎండిపోతే నువ్వేం చేస్తావు. దానికి నిన్ను అన్నదీ లేదు, అనేదీ లేదు. కానీ మట్టి వేసేటప్పుడు నువ్వు అందరి ముందు ఒక మాట అన్నావు. రక్షణను ఆలస్యం చేసే యౌవనులకు ఇదొక హెచ్చరిక అన్నావు. పెద్ద తీర్పులో కుడిపక్క ఎవరు నిలబడతారో, ఎడమపక్క ఎవరు నిలబడతారో వివరించావు. ఆ గుంత పక్కన నిలబడి, ఈ బిడ్డను మళ్ళీ చూస్తాం అనే మాట ఒక్కటి నీ నోట రాలేదు. ఎందుకు చెప్పలేదని నేను నీ చొక్కా పట్టుకుని అడిగాను. బాప్తిస్మం లేకుండా పోయినవానికి, లేని వాక్యం చెప్పలేను బావా అన్నావు. నీ కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి, అది కూడా చూశాను. మేనమామవు, ఎత్తుకుని పెంచినవాడివి, నీకు మాత్రం బాధ ఉండదా. అయినా నోరు రాలేదు నీకు.

ఇవన్నీ తవ్వడానికి కాదు రాసింది. నువ్వు రావాలి, అంతే. ప్రసంగం చేయవద్దు, నూనె పూయవద్దు, కేకలు వేసి ప్రార్థన చేయవద్దు. అక్కా, నేనిక్కడే ఉండాను సూడు అను. నీ చేత్తో ఒక మాత్ర వేసి, ఒక ముద్ద తినిపించి పో. నేను ఇంట్లో ఉంటే నీకు ఇబ్బంది అనుకుంటే, నువ్వు వచ్చిన పూట నేను పనికి పోతాను. బావ మీద కోపం బావ మీదే ఉంచుకో, దాన్ని అక్క కంచంలో పెట్టొద్దు.

నందినికి, పిల్లలకు మా దీవెనలు చెప్పు.

నీ రాక కోసం ఎదురుచూసే
నీ బావ,
ఏసన్న మేస్త్రీ.

తా.క.: పైదంతా నిన్న రాశాను. ఆమె గురించి రాసింది ఆమెకు తెలియకుండా పంపడం మర్యాద కాదని, సాయంత్రం కవరు అంటించే ముందు మీ అక్కకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా వింది. విని, నువ్వు రాసిందంతా తప్పప్పా, నేను మిగిలిపోయినానని నాకు బాధ యాడుంది అంది.

ఆ పూట వీధి ఖాళీగా కనబడితే ఆమెకు భయం వేయలేదట కిరణ్. సంతోషమైందట. రాకడ బూర మోగితే ముందు లేచేది సమాధుల్లో ఉన్నవాళ్ళేనని, బతికున్నవాళ్ళు వాళ్ళ వెనకాలేనని నువ్వే కూడికల్లో చెప్పావట కదా. నన్ను వదిలేసి పోతే పోనీ, నా పిల్లోడు లేసింటాడు, సూసొస్తా అనుకుని, తల తిరుగుతున్న మనిషి సమాధుల తోటదాకా పరుగెత్తిందట. చర్చి మెట్ల మీద కూర్చున్నది ఆ తర్వాత.

మన తోటలో స్థలం చాలక పాత సమాధి దిబ్బల్లోనే మళ్ళీ తవ్వుతామని నీకు తెలుసు. సామేలు పక్కనున్న పాత దిబ్బలో ఆ పొద్దున పిల్లలు అవ్వ కోసం గుంత తవ్వి పెట్టారు. అవ్వ పోయిందని ఈమెకు అప్పటికి తెలియదు. పక్కది తెరుచుకోనుండాది, మట్టి ఇంకా తడిగా ఉండాది, లోపల ఎవరూ లేరు అంది. మనోనిది మూసినట్లే ఉండాది అంది. ఆ సమాధి మీద పడి, చెవి ఆనించి, సామేలూ, అందరూ పోతాండారు, లెయ్ నాయనా అని పిలిచిందట.

అది అవ్వ గుంత అని తర్వాత తెలిసింది కదా దేవీ, ఇంకెందుకు అన్నాను. గుంతే, నేను కాదన్నానా, కానీ ఆ దినం నిజంగా వచ్చినప్పుడు ఎట్లుంటుందో ముందే సూసేసినా కదప్పా అంది. దీనికి నిన్ను అడిగి లాభం లేదని నాకు తెలుసు, లేని వాక్యం చెప్పలేనని నువ్వు అప్పుడే అన్నావు.

చింతపండు పక్కకు జరిపి, ఆ బండ అంత మందం ఎందుకేసినావు అని అడిగింది. సామేలు సమాధి మీద బండ నేనే పోశాను. కమ్మీ కట్టి, కాంక్రీటు వేసి, రోజూ పోయి నీళ్ళు పట్టాను. వాడికి ఇల్లు కట్టి ఇచ్చే భాగ్యం నాకు లేకపోయింది, ఇదైనా గట్టిగా ఉండాలనుకున్నాను. దేవునికి సిమెంటు అడ్డమా పిచ్చిదానా అన్నాను. దేవునికి కాదులే, పిల్లోనికి, ఆ పొద్దు అన్నం కూడా సరిగ్గా తినకుండా పోయినాడు కదా, అంత బరువు ఎత్తుతాడా అంది.

నిన్నటినుంచి ఈ మాటే నా తలలో తిరుగుతోంది. వాడు లేవకపోవడంలో తప్పు బండదే అయితే, అది వాడిది కాదు. ఎండిపోయిన నదిది కాదు, నీది కాదు, దేవునిది అసలే కాదు. మీ అక్క ఆ బండ దగ్గరే ఆగిపోవాలని చూస్తోంది, దాన్ని దాటి ఆలోచించడానికి ఆమెకు శక్తి లేదు. నాకూ లేదు. బండ తీస్తానంటే రాత్రి రెండు ముద్దలు తినింది, మాత్ర వేసుకుంది.

రేపు పనికి పోవడం లేదు. గడ్డపార, సుత్తి, ఉలి సర్ది పెట్టాను. గట్టిగా వేశాను కాబట్టి ఒక పొద్దుతో ఊడేది కాదు. నువ్వు వస్తే నీ వాక్యమేదీ మార్చనక్కర లేదు. తప్పంతా బండదే అక్కా అని ఒక్క మాట చెప్పు, అది ఏ గ్రంథంలోనూ లేకపోయినా చెప్పు. ఆదోని బస్సు దిగి ఇంటికి పోవద్దు, నేరుగా సమాధుల తోటకే రా, మేమిద్దరం అక్కడే ఉంటాము.